చెవి తమ్మె దగ్గర కొక్కెం

పెద్ద కోడలికి కడుపుమంట మొదలైంది చిన్న కోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాడు కాదు, చెవుల గురించి నోరు విప్పిన నాడు.

ఆ ఇంటి ముందుగదే పత్రిక ఆఫీసు. పాత కామిక్స్ పుస్తకాలు ఎవరు రాశారు, ఎవరు బొమ్మలు గీశారు, ఎందుకు ఆగిపోయాయి, ఇదే ఆ పత్రికకు తిండీ నీళ్ళూ. మామగారు సంపాదకుడు. కొడుకులిద్దరూ అచ్చుపనీ చందాలూ చూస్తారు. చివరి పేజీ మాత్రం పెద్ద కోడలి సొంత రాజ్యం. శీర్షిక పేరు ‘ఎవరిదీ చెయ్యి?’

వెనకటి రోజుల్లో కంపెనీలు బొమ్మ కింద సంతకం పెట్టనిచ్చేవి కావు. మొహాలన్నీ ఒకే మూసలో ఉండాలనేవి. అయితే చెవి దగ్గరికొచ్చేసరికి ఎవరి చెయ్యి వాళ్ళ దారిన పోతుంది, చెవిని ఎవడు పట్టించుకుంటాడు గనక! పెద్ద కోడలు పట్టించుకుంది. చెవుల్ని బట్టి అనామకుల్ని పట్టేసేది. ఆ చెవిని తన చేత్తో పెద్దదిగా గీసి, అరటిపండు ఒలిచి పెట్టినట్టు పాఠకులకు చూపించేది. పేరు దొరకని చిత్రకారుడికి తనే ఓ పేరు పెట్టేది. ‘ముంగిస’ అలా పుట్టిన పేరే. ‘గీసినవాడి పేరు గీతకి దక్కాలి’ అన్నది ఆవిడ ఊతపదం.

ఒకరోజు భోజనాల దగ్గర చిన్న కోడలు మెల్లిగా అంది. “అక్కా, పోయిన సంచికలో గుర్రపు రౌతు బొమ్మ ముంగిసది కాదేమో. ముంగిస చెవి జీడిపప్పులా ఉంటుంది కదా. అది కొంచెం గుండ్రంగా లేదూ?”

భూతద్దం తెచ్చి చూశారు. నిజమే. మామగారు పొంగిపోయారు.

“ఓసి పిడుగా! ఇక చెవులన్నీ చిన్నదానికే అప్పగించేద్దామా ఏం?”

అందరూ నవ్వారు. పెద్ద కోడలూ నవ్వింది, పైకి. ఏకులా వచ్చి మేకై కూర్చుంది! చదువుకున్నదని తెలుసు, కళ్ళున్నాయని ఎవరు చెప్పారు? ఆ పేజీ పోతే ఆ ఇంట్లో తాను కూర గిన్నెకి ఎక్కువ, కుర్చీకి తక్కువ. ఆ ఊహకే ఆవిడ ఒళ్ళు ఉడికిపోయింది.

ప్రత్యేక సంచిక రాబోతోంది. చివరి పేజీ ఎవరు రాయాలో ఈసారి తేలుస్తానన్నారు మామగారు. పెద్ద కోడలు ఊరికే కూర్చునే రకం కాదు. పాత పుస్తకమొకటి తీసి, చివర ఖాళీగా ఉన్న పసుపుపచ్చ కాగితం చింపింది. ఆ ఇంట్లో అది హత్యతో సమానం. దాని మీద ముంగిస పద్ధతిలో ముసుగువీరుణ్ణి గీసింది. జీడిపప్పు చెవి కూడా దించేసింది. చిన్న కోడలు ‘ముంగిస’ అనగానే, తాను తడి వేలితో కొత్త సిరా చెరిపి “నకిలీ అమ్మా, నకిలీ” అని అందరిముందూ నవ్వాలి. ఎంత హాయి!

“ఎవరో పాఠకుడు పంపాడు మామయ్యా. ఎవరి చెయ్యో చిన్నదాన్నే చెప్పమనండి,” అంది తేనెలు కారుస్తూ.

చిన్న కోడలు కాగితాన్ని కిటికీ వెలుగులోకి తీసుకెళ్ళింది. భూతద్దంలోంచి చూస్తూ ముందు నవ్వబోయింది. తలెత్తి తోడికోడలి మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

“నాకు తెలీడం లేదు మామయ్యా.”

“ఓస్, ఇంతేనా! అయితే పేజీ పెద్దదాని దగ్గరే ఉండనీ,” అని ఆయన ప్రూఫుల్లోకి తలదూర్చారు.

గెలిచింది. గెలిచినా ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. వంటింట్లో కప్పులు కడుగుతుంటే ఉండబట్టలేక అడిగేసింది. “కనీసం ముంగిస అని కూడా అనలేకపోయావా?”

“ముంగిస కాదుగా అక్కా. మీరు.”

పెద్ద కోడలు కప్పు పక్కన పెట్టి ఇటు తిరిగింది.

“చెవి తమ్మె కింద చిన్న కొక్కెం ఉంది. ముంగిసకి అలా ఉండదు. మీ పేజీలో ఎవరి చెవి గీసి చూపించినా ఆ కొక్కెం మీరు వేస్తారు. పెళ్ళికాకముందు నుంచీ చూస్తున్నా. ఆ బొమ్మలు చూసే కదా నేను నేర్చుకున్నది.”

ఊళ్ళోవాళ్ళ చెవులన్నీ పట్టుకున్న మనిషి తన చెవి ఒక్కసారీ చూసుకోలేదు. తాను తీసిన గోతిలో తానే పడింది.

“మరి వాళ్ళ ముందు చెప్పలేదేం?”

“చెబితే మీ పేజీ నాకిచ్చేసేవారు.” చిన్న కోడలు కప్పు తుడిచి బోర్లించింది. “నేను రాస్తే, మరి నేనేం చదువుకోను?”

పెద్ద కోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడింది. ఇప్పుడు కొత్త కుళ్ళు పట్టుకుంది ఆవిడకి. చెవులు గుర్తుపట్టినందుకు కాదు, చిన్నది ఇంత సులువుగా ఓడిపోగలిగినందుకు. ఆ విద్య తనకి ఈ జన్మలో రాదు.

అయినా ఊతపదమంటూ ఒకటుందే, అది ఊరుకోనివ్వలేదు.

ప్రత్యేక సంచిక చివరి పేజీ ప్రూఫు చూసి మామగారు ముందుగది అదిరేలా అరిచారు. “కాగితం చింపావా? పాత పుస్తకంలో కాగితం!” పేజీ నిండా ముసుగువీరుడు. పక్కన చెవి, తమ్మె దగ్గర కొక్కెం. కింద రెండు వరుసలు. నకిలీ గీసినది అంటూ పెద్ద కోడలి పేరు. పట్టుకున్నది, వచ్చే సంచిక నుంచి ఈ పేజీలో సగం రాసేది అంటూ చిన్న కోడలి పేరు.

ఆవిడ తిట్లన్నీ తలవంచుకుని పడింది. ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. రెండు పేర్లలో తన పేరు అక్షరాలు ఓ పిసరు పెద్దవి చేసి పెట్టింది.

చిన్న కోడలు ప్రూఫు అందుకుని, ఆ రెండు వరుసల దగ్గర ఆగి, పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. దిద్దమని మాత్రం అనలేదు.