వలిచిన గింజలు

గుమ్మడి గింజను నిలువుగా పట్టుకుని అంచు మీద గోటితో నొక్కితే చిటుక్కుమని పెంకు విడిపోతుంది. లోపల పచ్చటి పప్పు. గట్టిగా నొక్కితే పప్పు విరుగుతుంది. విరిగిన పప్పు ఆమె భర్తకు నచ్చదు. పొయ్యి మీద పాలు పొంగుతాయేమోనని ఒక కన్ను అటు వేసి, కూతురు లేచిందో లేదో అని ఒక చెవి ఇటు వేసి, ఆమె రోజూ పొద్దున్నే గింజలు వలుస్తుంది. కూర్చుంటే కాళ్లు ఊరుకోవు. మడమ దానంతటదే నేలను తడుతూ ఉంటుంది. “ఆ కాలు ఊపడం ఆపు, చూసేవాళ్లకు తల తిరుగుతుంది” అంటుంది అత్తగారు. కొట్లో వలిచినవే అమ్ముతారు కదా అని ఆమె ఒకసారి నసిగింది. ఎప్పుడు వలిచారో, ఏ చేత్తో వలిచారో అని అత్తగారు ముఖం చిట్లించింది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఆయన బస్సు డ్రైవరు. పోయినేడు రక్తపరీక్ష చేస్తే షుగరు ఇంకా రాలేదు గానీ గుమ్మం దాకా వచ్చిందన్నారు. మాత్రలు అప్పుడే వద్దు, నడవండి, తిండి మార్చండి అన్నాడు డాక్టరు. తెల్ల రొట్టె తగ్గించి పొట్టు తీయని ధాన్యం, ఆకుకూరలు, పప్పులు, రోజూ గుప్పెడు గింజలు తినమన్నాడు. వాటిలో మెగ్నీషియం అనే ఖనిజం ఉంటుందట, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయాలంటే అది కావాలట, అది తక్కువగా తినేవాళ్లలో షుగరు ఎక్కువగా కనిపిస్తోందట. అదొక్కటే మందు అనుకోవద్దని కూడా చెప్పాడు. ఆయన తలూపుతూ ఫోను చూసుకున్నాడు. విన్నది ఆమె.

ఆరోజు నుంచీ ఇంట్లో వంట రెండు రకాలైంది. ఆయనకు ముడిగోధుమ రొట్టె, ఆకుకూర, ఉడికించిన బఠాణీలు. మధ్యాహ్నం డబ్బాలో అవే, పైన గింజలు. మళ్లీ పరీక్ష చేయిస్తే షుగరు దిగింది. బస్సు డిపోలో స్నేహితులు వీపు తట్టారట. “అంతా విల్ పవర్” అని చెప్పుకున్నాడు ఆయన. చుట్టాలొస్తే అత్తగారిదీ అదే పాట, మావాడు నోరు కట్టేసుకున్నాడమ్మా అని. ఆమె లోపల టీ వడకడుతూ వినేది. కట్టేసుకున్నాడు సరే, ఆ ముడి రోజూ వేస్తున్నది ఎవరు? కట్టిన నోటికి ఇష్టమయ్యేలా ఆకుకూరను రోజుకో రకంగా ఎవరు వండుతున్నారు? ఇలా అనుకుని మళ్లీ తననే తిట్టుకునేది. ఆయన ఆరోగ్యం బాగుపడితే తనకు సంతోషం కాదా? సంతోషమే. మరి లోపల ఈ కుదురులేనితనం ఎక్కడిది? జవాబు దొరకకముందే టీ చల్లారిపోయేది.

ఆమె బట్టలు కుట్టే కంపెనీలో కాలర్లు కుడుతుంది. పాదంతో తొక్కితే మోటారు తిరుగుతుంది. ఒకరోజు మధ్యాహ్నం పిక్క ఒక్కసారిగా గట్టిపడి మెలితిరిగింది. కాలు తీయబోతే ఇంకా బిగుసుకుని పెడల్‌ను నొక్కేసింది. కుట్టు కాలరు దాటి, మడత దాటి, చొక్కా మధ్య దాకా పరుగెత్తింది. సూపర్‌వైజరు ఆ చొక్కా పైకెత్తి అందరికీ చూపించాడు. “ఇదేం కొత్త డిజైనమ్మా? నిద్రపోయి కుట్టావా?” నలుగురూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది, తల కొట్టేసినట్టు ఉన్నా.

పక్క బల్ల మీద బొత్తాలు కుట్టే ఆవిడను అందరూ బొత్తాలక్క అంటారు. ఆవిడ నవ్వలేదు. “ఈ మధ్య గంట గంటకీ నీళ్లు తాగుతున్నావు. మెట్లెక్కితే ఆయాసపడుతున్నావు. నడు” అని జబ్బ పట్టుకుని కంపెనీ డాక్టరమ్మ గదికి లాక్కెళ్లింది. అక్కా, పని ఆగిపోతుంది అంటే వినలేదు. “నువ్వు పోతే రేపే ఇంకొకర్ని కూర్చోబెడతారు. దాని గురించా నీ బెంగ?”

రక్తం తీశారు. ఫలితం వచ్చేలోగా డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని, నిన్న ఏం తిన్నారని అడిగింది. ఆమె గడగడా చెప్పేసింది. పొద్దున ముడిగోధుమ రొట్టె, పాలకూర. మధ్యాహ్నం బఠాణీలు, గుప్పెడు గింజలు.

“చాలా బాగా తింటున్నారే.”

“నేను కాదండీ. మా ఆయన.”

“మరి మీరు?”

ఆమె అత్తగారి పాలలో చక్కెర ఎంతో చెప్పగలదు. కూతురు డబ్బాలో ఏం మిగిల్చి తెచ్చిందో చెప్పగలదు. తన దగ్గరికొచ్చేసరికి ఏమీ గుర్తు రాలేదు. నిలబడి తాగిన టీ. అందరూ వదిలేసిన తెల్ల రొట్టె చివరలు. సూపర్‌వైజరు చూడకుండా నమిలిన బిస్కెట్లు. రాత్రి గిన్నె అడుగున గరిటెతో గీరితే వచ్చిందేదో. దీన్ని తిండి అంటారా, గిన్నె కడగడంలో మొదటి మెట్టు అంటారా? చూపు దించుకుంది.

ఫలితం వచ్చింది. పోయినేడు ఆయనకు వచ్చిన అంకె కంటే ఆమెది ఒక మెట్టు పైనే ఉంది. పిక్క పట్టడానికి కారణాలు చాలా ఉంటాయి, అది వేరే చూద్దాం, ముందు తిండి మార్చాలంది డాక్టరమ్మ. ఏమేం తినాలో చెబుతూ, ఆమె పెదవులు తనతోపాటే కదులుతుంటే ఆగింది.

“మీకు అన్నీ తెలుసే.”

“తెలుసండీ” అంది ఆమె. ఎప్పుడూ రానంత సిగ్గు వచ్చింది.

సాయంత్రం భోజనాల దగ్గర చెప్పింది. ఆయన రొట్టె తుంచుతూ నవ్వాడు. “నాది నీకు అంటుకుందా ఏంటి?” తర్వాత కాస్త పెద్దరికంగా, బయటి తిండి మానెయ్యాలి, విల్ పవర్ ఉండాలి అన్నాడు. ఆమె బయట తిని ఎన్నాళ్లయిందో ఆమెకే తెలియదు.

“ఇద్దరికీ పథ్యమంటే ఎలా కుదురుతుందమ్మాయ్?” అంది అత్తగారు. “అన్ని గింజలు ఎవరు వలుస్తారు? వాడంటే బస్సు నడపాలి. నువ్వు ఎలాగో సర్దుకుంటావులే.”

కూతురు ఆకుకూర గిన్నెను మెల్లగా అమ్మ వైపు జరిపింది. గిన్నె ఖాళీగా ఉంది. అది చూసి ఆ పిల్లే తల వంచుకుంది.

ఆ వంచిన తల ఆమెను నిలవనివ్వలేదు. గిన్నెలు కడుగుతున్నా, దుప్పట్లు దులుపుతున్నా అదే కనిపించింది. రేపు ఈ పిల్ల కూడా ఎవరింట్లోనో గిన్నె అడుగు గీరి కడుపు నిండిందనుకుంటుందా? తనకెవరు నేర్పారు, చివర తినమని? ఎవరూ నేర్పలేదు. అమ్మను చూసింది, అంతే. ఈ పిల్ల ఇప్పుడు తనను చూస్తోంది.

తెల్లారింది. పాలు పొయ్యి మీద పెట్టి, గింజల డబ్బా తీసుకుని బల్ల దగ్గర కుర్చీలో కూర్చుంది. ఒక్కొక్కటే వలిచింది. విరిగినవి పక్కన పెట్టలేదు. గుప్పెడైంది. కూతురు కళ్లు నులుముకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుని చూస్తోంది. మడమ నేలను తట్టడం ఎప్పుడు ఆగిందో ఆమె గమనించలేదు.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి తన గిన్నె ముందుకు లాక్కున్నాడు. గింజలు పెంకులతోనే ఉన్నాయి.

“ఇవాళ వలవలేదేం?”

ఆమె కూతురి వైపు చూసింది. అప్పుడే నోట్లో వేసుకున్న గుప్పెడును తాపీగా నములుతూ చెప్పింది.

“వలిచాను.”