ఆరని మట్టి

"అమ్మాయ్, అలమారులో ఆ మట్టిముద్ద కారుతోంది. పారేస్తావా, నన్ను పారేయమంటావా?" అంది అత్తగారు.

ప్రమీలారాణి బియ్యం కడుగుతున్న చెయ్యి తుడుచుకుని వెళ్లి చూసింది. కారడం లేదు. జగ్గయ్యపేట ఎండకి మెత్తబడి ఓ పక్కకి ఒరిగింది, అంతే. పైన వేళ్ల గుంటలు, పక్కన బొటనవేలి గుంట. వేసవికి ముందే పోయిన అమ్మ, పక్షవాతంతో బిగుసుకుపోయిన కుడిచేత్తో ఆఖరిసారి పిసికి వదిలిన ముద్ద అది. బొటనవేలి గుంటలో నిన్నటిదాకా కనిపించిన సన్నటి గీతలు ఇవాళ అలుక్కుపోయాయి.

వేళ్లకి పని చెప్పమని, మట్టి పిసికించమని ఫిజియోథెరపీ చేసే యామిని చెప్పినప్పుడు ప్రమీలారాణికి ముందు తోచింది కుమ్మరి మట్టే. నందిగామలో తను పాఠాలు చెప్పే బడిలో పిల్లల చేత బొమ్మలు చేయించేదీ తనే. ఏ మట్టి ఎలా గట్టిపడుతుందో తెలియనిది కాదు. కుమ్మరి మట్టి ఆరితే గట్టిపడినట్టే కనిపిస్తుంది, నీళ్లు తగిలితే మళ్లీ బురదే. కుమ్మరి బట్టీలో, ఆవంలో కాలిందా, ఇక వెనక్కి రాదు. గాలికి ఆరే తెల్లమట్టి తేలిక, కానీ ఆరుతూ కుంచించుకుపోయి బీటలిస్తుంది. రంగుల పాలిమర్ మట్టికి ఓవెన్ వేడి కావాలి. ఇవి కాక చిన్నపిల్లలు ఆడుకునే నూనెమట్టి ఒకటుంది. అది ఎన్నేళ్లున్నా ఆరదు. వేడి తగిలితే కరుగుతుంది తప్ప గట్టిపడదు.

తెలిసి తెలిసి ఆ నూనెమట్టే తెచ్చింది. బిగిసిన వేళ్లకి మెత్తగా ఉంటుందని యామినికి చెప్పింది, తనకీ చెప్పుకుంది. అసలు సంగతి వేరు. దాంతో గచ్చు మీద మరక పడదు, కడగక్కర్లేదు, అత్తగారితో మాట పడక్కర్లేదు. అప్పటికే ఆవిడ వచ్చినవాళ్లందరితో, "కొడుకుండగా కూతురింట్లో మంచం వేయించుకోవడం మా వైపు లేదమ్మా" అంటోంది. లోపలికి వినబడేలాగే. భర్త సతీష్‌బాబు గట్టిగా ఏమీ అనలేదు. "మా అమ్మ సంగతి తెలుసుగా. కొన్నాళ్లు పెనుగంచిప్రోలులో మీ అన్నయ్య దగ్గర ఉంచితే సరిపోద్ది" అన్నాడు, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. అమ్మకి మాట సరిగా వచ్చేది కాదు గానీ చెవులు బాగానే పనిచేసేవి. "నన్ను... పెనుగంచిప్రోలు... పంపెయ్యవే" అంది తనే. వేళ్లు అప్పుడప్పుడే కదులుతున్నాయి. ప్రమీలారాణి ఆటో పిలిచింది. ఉండమ్మా అని ఒక్క మాట అనలేదు. అన్నయ్య ఇంట్లో మట్టి పిసికించే తీరిక ఎవరికుంది? అమ్మ చెయ్యి మళ్లీ బిగుసుకుంది. ఆ తర్వాత మనిషే పోయింది.

కుమ్మరి మట్టి తెచ్చి ఉంటే ఈపాటికి కాల్పించి దాచుకునేది. అమ్మ వేళ్ల గుర్తు మిగలాలన్న ఆలోచన ఆ రోజు రాలేదు. గచ్చు మీద మరక మిగలకూడదన్న ఆలోచనే వచ్చింది.

గుంటలకి తన వేలు తగలకుండా ముద్దని పళ్లెంలోకి ఎత్తింది. వంటింట్లోకి తెచ్చి ఫ్రిజ్ తెరిచింది. చల్లదనానికి నూనెమట్టి బిగుస్తుంది. బయటికి తీయనంత కాలం అలాగే ఉంటుంది. పాలగిన్నె జరిపి పళ్లెం లోపల పెట్టింది.

"అదేంటే," అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. "పోయినామె చేతిముద్ద, దేవుడికి పెట్టే పాల పక్కనా? ఒరే సతీషూ, చూడరా నీ పెళ్లాం చేసే పని."

సతీష్‌బాబు వచ్చి చూశాడు. "ఫొటో తీసి పెట్టుకో ప్రమీలా, మట్టేగా. అమ్మకి కోపం తెప్పించడం ఎందుకు చెప్పు?"

ఇన్నేళ్లుగా ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమె చేస్తున్న పని ఆపేసేది. ఇవాళ ఫ్రిజ్ తలుపు మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"బయటికి తియ్యనండి," అంది. గొంతు పెంచలేదు. "అత్తయ్యగారికి కోపం వస్తుందనే మా అమ్మని పంపించేశాను."