నానమ్మ కంట్లో గీతలు

మా ఊరి బడిలో పదో తరగతి అయ్యాక, పైచదువుకని పెద్దనాన్న ఇంటికి వచ్చాను. ఇక్కడ నాకు అప్పజెప్పిన పని ఒక్కటే: నానమ్మ గదిలోని చేపల తొట్టి కడగడం. అన్నం పెట్టి చదివిస్తున్న ఇంట్లో ఆ ఒక్క పనైనా మెరిసేలా చెయ్యాలనుకున్నాను. తంటా అక్కడే వచ్చింది.

మా ఇంట్లో నీళ్ల తొట్టిని అంట్ల పీచుతో తోమేవాళ్లం. ఇక్కడా లోపలి గోడలకు పాచి కనిపించేసరికి అదే పీచు తెచ్చి, రెక్కలు పడిపోయేదాకా రుద్దాను. తొట్టి గాజుది కాదని, అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌దని నాకు తెలియదు. నిలబడి చూస్తే అద్దంలా ఉంది.

"గువ్వ చెయ్యి పడ్డాక తొట్టి కొత్తదైపోయింది" అంది పెద్దమ్మ. నేను మాట్లాడనని నాకా పేరు పెట్టారు.

నానమ్మకు శుక్లం ఆపరేషన్ అయి రెండు నెలలు. నేను తొట్టి తోమిన తర్వాతి వారం నన్ను మంచం దగ్గరికి పిలిచింది.

"ఒసే, చెవి ఇలా పారెయ్. చేపల్ని చూస్తుంటే కంట్లో సన్నటి గీతలు కనిపిస్తున్నాయే. మీ పెద్దనాన్నతో అనకు, మళ్లీ కంటికి కత్తి పెట్టిస్తాడు."

ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు నా తల ఆ దిండు మీద ఆనించి చూశాను. తొట్టిలోని దీపం వెలుగులో గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, వందల గీతలు. నేను పీచు తిప్పిన తీరే. డైరీలో రాసుకున్నాను గానీ, నోటితో చెప్పలేకపోయాను. ఇంటికి పంపించేస్తారేమోనని భయం.

ఆదివారం తొట్లు చేసే ఆయన కొలతలకు వచ్చాడు. నానమ్మ ముచ్చటపడిందని, ఆవిడ మంచం ఎదురుగా ఆరడుగుల తొట్టి పెట్టాలని పెద్దనాన్న ఆలోచన.

"గాజా, అక్రిలికా? ఒక్క మాటలో తేల్చవయ్యా" అన్నాడు పెద్దనాన్న.

"గాజుకి ఓ పట్టాన గీత పడదండీ. కానీ ఇంత తొట్టి మెట్లెక్కించాలంటే ఆరుగురు కావాలి. అక్రిలిక్ తేలిక, ఇంకా తేటగా కనిపిస్తుంది. గీతలే తొందరగా పడతాయి."

"ఆరుగురా! ఈయన కుర్చీ జరపమంటేనే నడుం పట్టుకుంటారు" అంది పెద్దమ్మ.

"ఏదీ వద్దురా" అంది నానమ్మ. "ఈ కళ్లకు అంత తొట్టెందుకు?"

"అదేంటమ్మా, నువ్వే కదా అడిగావు?"

నానమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూసి నేనిక ఆగలేకపోయాను.

"నీ కళ్లు బాగానే ఉన్నాయి నానమ్మా. గీతలు తొట్టికే ఉన్నాయి. నేనే... అంట్ల పీచుతో..."

తొట్ల ఆయన దిండు ఎత్తుకి వంగి చూశాడు. "అవునమ్మా, పీచు గీతలే."

నానమ్మ లేచి కూర్చుంది. "అయితే నేను గుడ్డిదాన్ని కావట్లేదన్నమాట! పది రోజులుగా దిగులుతో చస్తున్నానే, దొంగపిల్లా, ముందే చెప్పొచ్చుగా!" అంటూ నా రెండు బుగ్గలూ పట్టుకుంది. నవ్వుతోంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"అయితే గాజే ఖాయం. గువ్వ చేతికి అక్రిలిక్ ఆగదు" అన్నాడు పెద్దనాన్న. కోపంగా అనలేదు గానీ నా చెవులు వేడెక్కాయి.

"ఉండరా" అంది నానమ్మ. "ఏమయ్యా, గాజు మీద లోతుగా గీత పడితే పోతుందా?"

"కష్టమమ్మా. అక్రిలిక్ అయితే గరుకు కాగితం తడిపి రుద్ది, మెరుగు పెడితే పోతుంది."

"ఈ పిల్లకి నేర్పగలవా?"

"ఒక్క పూట పని."

"అయితే అక్రిలికే."

"మళ్లీ గీస్తేనో?" అన్నాడు పెద్దనాన్న.

"మళ్లీ అదే రుద్దుకుంటుంది. నీకేం పోయింది?"

ఆ మధ్యాహ్నమే చేపల్ని బకెట్లోకి మార్చి, పాత తొట్టితో మొదలుపెట్టాం. ముందు కాస్త గరుకు కాగితం, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. రుద్దుతుంటే తొట్టంతా పొగమంచు పట్టినట్టయింది. పూర్తిగా పాడుచేశానని ఏడుపొచ్చింది. తొట్ల ఆయన మాత్రం తొణకలేదు. మెరుగు ముద్ద రాసి గుడ్డతో తిప్పమన్నాడు. మంచు విడిపోయింది. బాగా కడిగి, నీళ్లు నింపి, చేపల్ని వదిలాం.

నానమ్మ దిండు మీద తల పెట్టి చూసింది. "ఆ నల్లదాని తోక మీద తెల్లచుక్క ఉందే! మీకెవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. పెద్దనాన్న కళ్లజోడు పెట్టుకుని వెతికాడు.

పెద్దమ్మ అంట్ల పీచుని నాకందకుండా పై అరలో దాచింది. నానమ్మ తన మెత్తటి పాత దుప్పటి చించి, పది ముక్కలు మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

"కొత్త తొట్టికి" అంది.