గీత అవతల బల్ల

సోమవారం పొద్దున ఇందుమతి ఇంట్లో వంటింటికీ బాల్కనీకీ మధ్య అంతరిక్షం మొదలవుతుంది. గడప దగ్గర సున్నంతో గీసినట్టు ఒక తెల్లటి గీత ఉంది. గీతకు ఇవతల గ్యాస్ పొయ్యి, సింకు, పోపుల పెట్టె. అవతల నల్లటి ఖాళీ, అందులో నక్షత్రాలు, అవన్నీ దాటాక ఎప్పటిలాగే బాల్కనీ. ఇందుమతి తడి బట్టల బకెట్టు కింద పెట్టి, ఇవాళ్టికి బట్టలు లోపలే ఆరేసుకోవాలి కాబోలు అనుకుంటుంది.

బాల్కనీలో బల్ల మీద ఆమె భర్త వీర్రాజు కూర్చుని ఉన్నాడు. ఆయన మాఘమాసంలో ఔటయ్యాడు. ఊపిరితిత్తుల జబ్బు మనిషి, మాట మధ్యలో ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ అందుకునేవాడు. ఆ రోజు సోఫాలోంచి "కుక్కర్ ఎన్ని..." అని ఆగాడు. మళ్ళీ అందుకోలేదు. చుట్టాలు వచ్చి, ఏడ్చి, భోజనాలు చేసి, ఎవరి ఊళ్ళకు వాళ్ళు వెళ్ళారు. ఇందుమతి ఆ రోజు నుంచి కుక్కర్ పెట్టడం మానేసి అన్నం గిన్నెలో వార్చుకుంటోంది.

ఇప్పుడాయన చారల చొక్కా వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గీతకు అవతల కూర్చున్నాడు. పిలిస్తే వినపడదు. కాపరం చేసినన్నాళ్ళూ ఒక్క పిలుపుకి పలికిన మనిషి కాదు గనక ఇందుమతి దీన్ని పెద్దగా పట్టించుకోదు.

బియ్యం డబ్బాలో ఏదో గరగరమంటుంది. చెయ్యి పెట్టి చూస్తే హెడ్‌సెట్. బియ్యం గింజలు దులిపి చెవులకు పెట్టుకుంటుంది.

"హమ్మయ్య, వచ్చారాండీ," అంటుంది ఒక మగ గొంతు. "నా పేరు బుల్లబ్బాయండి. ఈ జట్టుకి కెప్టెన్నండి. మన ఓడలో ఒక సీటు ఖాళీగా ఉందండి."

"ఓడ ఎక్కడుంది?"

"మీ వంటిల్లేనండి ఓడ. నేను ఫ్రిజ్జు ఎనకాల ఉన్నానండి. ఇంజినిక్కడ ఉందండి."

"ఏం ఆట ఇది?"

"యుద్ధమండి. చుక్కల అవతల ఇంకో వంటిల్లుందండి. ఆళ్ళు మనల్ని కొడతారు, మనం ఆళ్ళని కొడతాం. మామూలేనండి."

ఇందుమతి ఒక్కటే అడుగుతుంది. "బల్ల మీద కూర్చున్నవాళ్ళు మళ్ళీ లోపలికి వస్తారా?"

"అవతల ఒకరు పడితే ఇవతల ఒకరు లెగుస్తారండి. ఆయ్."

ఆ పద్ధతి ఆమెకు కొత్త కాదు. కాకినాడలో ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసి, తరతరాల పిల్లలకు కబడ్డీ నేర్పిన మనిషి. ఔటైనవాళ్ళు గీత అవతల కూర్చుంటారు, మనవాళ్ళు కూతకు వెళ్ళి అవతలివాణ్ణి తాకి వస్తే ఒకరు బతికి లోపలికి వస్తారు. ఇంతకాలం ఈ సంగతి తనకు తట్టనందుకు ఆమెకు తన మీద తనకే కోపం వస్తుంది. కొంగు నడుముకు బిగించి పొయ్యి దగ్గరికి వెళుతుంది.

ఆట నేర్చుకోవడం అంత సులువు కాదు. పొయ్యి మీటలే చుక్కాని. ఎడమ మీట తిప్పితే వంటిల్లు ఎడమకు ఒరుగుతుంది, సిమ్‌లో పెడితే నెమ్మదిగా పోతుంది. అలమర తలుపులు తెరిస్తే డాలు, మూస్తే లేదు. సింకు దగ్గర రోజీ అనే నర్సు నిలబడి, ఓడకు ఎక్కడ చిల్లు పడితే అక్కడ దూది పెట్టి కట్టు కడుతుంది. ఆమె ఎవరితోనూ మాట్లాడదు, ఓడతో మాత్రం "అయిపోయింది, అయిపోయింది, ఇంక నొప్పెట్టదు," అంటూ ఉంటుంది.

పైనా కిందా లేకపోవడం ఇందుమతికి మింగుడు పడదు. మట్టిలో గీతలు గీసి ఆట నేర్పిన మనిషికి కాళ్ళ కింద ఏదో ఒకటి ఉండాలి.

"నేల ఎటు?" అని అడుగుతుంది.

"మీరెటు నిలబడితే అటేనండి," అంటాడు బుల్లబ్బాయి.

మొదటి వారం ఆమె ఎటు తిప్పినా సొంత జట్టు ఓడలకే గుద్దుతుంది. "మేడమ్, అది మనోళ్ళదండి," అంటాడు ప్రతిసారీ. "ముందే చెప్పొచ్చుగా," అంటుంది ఆమె. "చెప్పేలోపు గుద్దేత్తన్నారండి," అంటాడు. అయినా విసుక్కోడు. నేర్పేవాడికి ఓపిక ఉండాలని ఇందుమతి ఎన్నో ఏళ్ళు పిల్లలకు చెప్పింది గానీ, ఓపికున్నవాడి దగ్గర నేర్చుకోవడం ఇదే మొదటిసారి.

తుపాకీ దగ్గర మాత్రం ఆమె మొండికేస్తుంది. తుపాకీ అంటే కుక్కర్. మూడు విజిల్స్ వచ్చేదాకా ఆగితే దెబ్బ పూర్తిగా తగులుతుంది, ముందే వదిలితే గంజి మాత్రం వెళ్ళి నక్షత్రాల మీద పడుతుంది.

"అదొక్కటీ ఇంకెవరికైనా చెప్పండి," అంటుంది.

"జట్టన్నాక ఎవరి పని ఆళ్ళు చెయ్యాలండి. మీ పని మేం చేస్తే, మీ ఆయన కాకుండా ఇంకోళ్ళ ఆయన లెగుస్తాడండి."

అందులో న్యాయముంది. ఇందుమతి కుక్కర్ దించి, దుమ్ము కడిగి, బియ్యం పోసి, మూత బిగించి పొయ్యి మీద పెడుతుంది. మొదటి విజిల్‌కే ఆమెకు ఏడుపొస్తుంది. ఏడుస్తూనే గురి చూసి, మూడో విజిల్‌కు వదులుతుంది.

అవతలి వంటిల్లు రెండుగా విరుగుతుంది. అట్లకాడ, టీ వడగట్టు, ఒక కేలండరు మెల్లగా ఖాళీలోకి తేలిపోతాయి. అందులోంచి ఒకావిడ జడ ముడి వేసుకుంటూ బయటికి వచ్చి, వాళ్ళ బల్ల మీద కూర్చుంటుంది. ఇందుమతి గబగబా బాల్కనీ వైపు తిరుగుతుంది.

లేచి వస్తున్నది వీర్రాజు కాదు. ఆయన పక్కన ఎప్పుడొచ్చి కూర్చుందో, ఆయన తల్లి మంగాయమ్మ. ఆవిడ ఎప్పుడో గోదావరి పుష్కరాల ఏడాది ఔటైంది.

"ముందు ఔటైనోళ్ళు ముందు లెగుస్తారండి," అంటాడు బుల్లబ్బాయి.

"తెలుసు," అంటుంది ఇందుమతి. ఆ రూలు కూడా పిల్లలకు తనే చెప్పింది.

మంగాయమ్మ గీత దాటి వచ్చి, పొయ్యి వైపు చూసి, "ఇంత హైలో పెడితే గ్యాసంతా ఏమైపోవాలే? జరుగు," అని చుక్కాని అందుకుంటుంది. బతికున్నప్పుడు సైకిల్ కూడా ఎక్కని మనిషి, వంటింటిని తోకచుక్కల మధ్యనుంచి గిన్నె చప్పుడు కాకుండా నడుపుతుంది. కోడలు ముక్కున వేలేసుకుంటుంది.

తరవాతి వంతు వీర్రాజుదే కావాలి. కానీ మంగాయమ్మ లేచిన చోట తలపాగా కట్టుకున్న ముసలాయన ఒకడు వచ్చి కూర్చుంటాడు. "ఈ పిల్లకంటే ముందే ఔటైనోణ్ణి నేను, నన్ను మర్చిపోతే ఎలాగ?" అంటాడు. ఆయన మంగాయమ్మకు మామగారు. ఆయన పక్కన ఆయన అక్క కూర్చుంటుంది. వాళ్ళకు చోటివ్వడానికి వీర్రాజు మర్యాదగా వెనక్కి జరుగుతాడు.

ఇందుమతి మళ్ళీ కొడుతుంది. తలపాగా ఆయన లేస్తాడు. ఆ ఖాళీలోకి ఇంకా పాతవాళ్ళు వచ్చి కూర్చుంటారు. మళ్ళీ కొడుతుంది. పడవ తెడ్డు పట్టుకున్న ఒకాయన, మంత్రసాని ఒకావిడ, గ్యాస్ పొయ్యిని చూసి దణ్ణం పెట్టే ఇంకొకావిడ వరసగా లోపలికి వస్తారు. వచ్చినవాళ్ళంతా గొప్పగా ఆడతారు. బల్ల పొడుగవుతూనే ఉంటుంది. వీర్రాజు పక్కింటి బాల్కనీ దాటి, రోడ్డు దాటి, హార్బరు దాకా జరుగుతాడు.

"మన జట్టుకి తిరుగులేదండి మేడమ్," అంటాడు బుల్లబ్బాయి సంబరంగా. "ఎవర్నడిగినా మన పేరే చెబుతున్నారండి."

ఇందుమతి ఆ మాట వినడం లేదు. చొక్కా మీద చారలు కనపడుతున్నాయా లేదా అని చూస్తోంది. కనపడడం లేదు. గెలిచినప్పుడల్లా ఆయన చిన్నవాడవుతున్నాడు. ఇంకొక్కసారి గెలిస్తే బొత్తిగా కనపడడు. ఆమెకు భయం వేస్తుంది, ఆయన పోయిన రోజు కూడా ఇంత వెయ్యలేదు.

ఆ భయంలోనే ఆమెకు బడి మైదానం గుర్తొస్తుంది. తన పిల్లలు ఒక్కొక్కరే దొరికిపోయి, చివరి పిల్ల కూడా దొరికిపోయాక, విజిల్ మోగేది. అప్పుడు బల్ల మీదున్న పిల్లలంతా లేచి, లంగాలకు అంటిన దుమ్ము దులుపుకుని, ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఒక్కసారే లోపలికి వచ్చేవారు. అవతలి జట్టుకు పాయింట్లు ఎక్కువ వస్తాయి, అంతే. అప్పుడు ముందెవరు, వెనకెవరు అని ఎవరూ అడగరు.

ఆమె హెడ్‌సెట్ సర్దుకుంటుంది. "కెప్టెన్ గారూ, మనం ఆలౌట్ అవ్వాలి."

ఫ్రిజ్జు వెనక ఇంజిన్ చప్పుడు తగ్గుతుంది. "ఓడిపోదామంటారాండీ?"

"పూర్తిగా ఓడిపోవాలి. ఒక్కరు మిగిలినా పనికిరాదు. నేను కూడా ఔటవ్వాలి."

"ఈ ఆటలో ఆ రూలుందాండీ?"

"తెలీదు."

"లేకపోతేనండీ?"

"అందరం బల్ల మీద కూర్చుంటాం," అంటుంది ఇందుమతి.

అందరూ మంగాయమ్మ వైపు చూస్తారు. ఆవిడ కాఫీ తాగుతోంది. ఇన్నేళ్ళ తరవాత దొరికిన కాఫీ. "ఇదయ్యాక వెళతానే," అంటుంది. నెమ్మదిగా అడుగు దాకా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, "వాడికి చిన్నప్పట్నుంచీ అంతే, ఎవరో ఒకరు వెళ్ళి తీసుకురావాల్సిందే," అని అలమర తలుపులు ఒక్కొక్కటీ మూసేస్తుంది.

ఓడిపోవడం కూడా నేర్చుకోవాల్సి వస్తుంది. బాగా ఆడడం అలవాటైన చేతులు వాటంతటవే దెబ్బ తప్పిస్తాయి. తెడ్డు ఆయన దాన్ని పారేసి, కళ్ళు మూసుకుని నిలబడితే గానీ దెబ్బ తగలదు. ముసలివాళ్ళంతా గొణుక్కుంటూ వెళ్ళి, బల్లకు ముందు వైపున తమ పాత చోట్లలోనే కూర్చుంటారు. రోజీ చివరి కట్టు విప్పి, మడిచి జేబులో పెట్టుకుని వెళుతుంది. బుల్లబ్బాయి ఫ్రిజ్జు వెనకనుంచి మొదటిసారి బయటికి వస్తాడు. బట్టతల, బొద్దుగా ఉన్నాడు, చేతిలో టిఫిన్ క్యారియర్. "మీ మాట మీద ఎల్తన్నానండి," అంటాడు. మంగాయమ్మ వెళుతూ పొయ్యి సిమ్‌లో పెడుతుంది.

ఇందుమతి ఒక్కతే మిగులుతుంది. బియ్యం కడిగి కుక్కర్ ఎక్కిస్తుంది. గీత దగ్గర వంగి నేలను తాకి, కళ్ళకు అద్దుకుంటుంది. గుండె నిండా ఊపిరి పీల్చుకుని, "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." అంటూ అడుగు బయట పెడుతుంది.

అక్కడ గాలి లేదు. ఆమె దగ్గర ఉన్నదల్లా వంటింట్లో పీల్చుకున్న ఆ ఒక్క ఊపిరి. కూత తెగకుండా చుక్కల మధ్యనుంచి అవతలి వంటింటికి వెళుతుంది. అది మళ్ళీ అతుక్కుని ఉంది. అక్కడి ఆడవాళ్ళు ఆమెను చూసి లేచి నిలబడతారు. ఎవరూ పట్టుకోరు. ఒకావిడ పీట వేస్తుంది. ఇంకొకావిడ మంచినీళ్ళు తెస్తుంది. "అంత దూరం నుంచి వచ్చారు, కాసేపు కూర్చోండి," అంటారు. ఇందుమతి వాళ్ళ మధ్య కూత పెడుతూ అటూ ఇటూ తిరుగుతుంది, వాళ్ళు మర్యాదగా దారి ఇస్తారు.

ఇక తనే తెంపుకోవాలి. కూత తెగితే వీపు చీరేస్తానని పిల్లల్ని బెదిరించిన మనిషి ఆమె. తన కూత ఎన్నడూ తెగలేదని ఆమెకు గర్వం. ఆ గర్వంతో సహా ఊపిరి వదిలేస్తుంది. అది తెల్లగా, గంజి ఆవిరిలా పైకి పోతుంది.

బల్ల మీద ఆమెకు వీర్రాజు వైపే చోటు దొరుకుతుంది. కాకపోతే మధ్యలో మంగాయమ్మ కూర్చుంది, బతికున్నప్పుడు సినిమా హాల్లో కూర్చున్నట్టే. బుల్లబ్బాయి, రోజీ చివర సర్దుకుంటారు. అందరూ ఎదురుగా ఖాళీ వంటింటి వైపు చూస్తారు. ఎవరూ పిలవరు. కుక్కర్ ఒకసారి విజిల్ వేస్తుంది. చాలాసేపటికి ఇంకోసారి వేస్తుంది. ఆ తరవాత వెయ్యదు.

బుల్లబ్బాయి క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఇంతమందిని కూర్చోబెట్టేశానే అనుకుంటుంది ఇందుమతి.

వీర్రాజు తల్లి మీదుగా వంగి, ఇందుమతి వైపు చూస్తాడు. "...విజిల్స్ వచ్చాయి?" అంటాడు.

"రెండు," అంటుంది ఇందుమతి. "ఇంకోటి రావాలండీ."

మూడోది వస్తుంది.

బల్ల మీదున్నవాళ్ళంతా లేస్తారు. హార్బరు మీదుగా, రోడ్డు మీదుగా, పక్కింటి బాల్కనీ మీదుగా ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఒక్కసారే గీత దాటుతారు. అందరికీ సరిపోయేలా వంటిల్లు వెడల్పవుతుంది. మంగాయమ్మ కుక్కర్ దించుతుంది. ఇందుమతి వీర్రాజు చొక్కా పట్టుకుని చూస్తుంది, చారలన్నీ ఉన్నాయి. కూర్చోమని కుర్చీ లాగుతుంది.

ఆయన కూర్చోడు. "ఇప్పుడు కూత మనదేగా?" అంటాడు.

"మనదే. కానీ మీరెందుకు, మీకు ఆయాసం..."

"కూర్చుని కూర్చుని విసుగెత్తింది ఇందూ," అంటాడు. ఒక్క ఊపిరిలో అంటాడు, మధ్యలో ఆగడు. గీత దగ్గర వంగి నేలను తాకి, కళ్ళకు అద్దుకుని, కూత పెడుతూ వెళ్ళిపోతాడు.

ఇందుమతి గీత మీదికి పరిగెడుతుంది. పొమ్మనడానికి నోరు రాదు, వద్దనడానికీ రాదు. మెట్లు ఎక్కలేక ప్రతి అంతస్తులోనూ ఆగిన మనిషి గాలి లేనిచోట పరిగెత్తుతున్నాడు, కూత తెగడం లేదు. కూత తెగనంతసేపూ మనిషి ఔట్ కానట్టే. ఆమె చెవులు రిక్కించుకుని నిలబడుతుంది.

దూరంగా ఆయన ఒక నక్షత్రాన్ని తాకుతాడు. అది ఔటవుతుంది. ఆకాశంలోంచి దిగి, నడుచుకుంటూ వచ్చి బాల్కనీలో బల్ల మీద కూర్చుంటుంది. ఇంకొక దాన్ని తాకుతాడు, అదీ వచ్చి కూర్చుంటుంది. ఆకాశం ఒక్కొక్క చుక్కే చీకటవుతూ ఉంటుంది, బల్ల నిండుతూ ఉంటుంది. ఆకాశంలో ఇంకేమీ కనపడదు. కూత మాత్రం వినపడుతోంది.

చివరగా వచ్చిన చిన్న నక్షత్రానికి బల్ల మీద చోటుండదు. అది మొహమాటపడుతూ వచ్చి గడప దగ్గర నిలబడుతుంది.

"అక్కడ కాదమ్మా," అంటుంది ఇందుమతి దాని భుజం పట్టి పక్కకు జరుపుతూ. "గీత తొక్కకు. ఆయన ఇటే రావాలి."