లేచిన మూల

కారు ఇంకా కారు కాకముందే బావా బావమరుదులిద్దరూ దాని స్టీరింగు కోసం కొట్టుకున్నారు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, షెడ్డులో ఉన్నది చక్రాలూ ఇంజనూ బిగించిన ఉత్త ఇనుప చట్రం, పక్కన కొనుక్కొచ్చిన ఫైబర్ బాడీ. ఇంట్లోనే బిగించుకునే రకం కారు. ముందు ఎవరు తోలాలన్న దగ్గర మాటా మాటా పెరిగింది. చట్రం వెల్డింగు చేసింది నేనంటాడు బావ, బాడీ తెచ్చింది నేనంటాడు బావమరిది. చివరికి బావమరిది ఆ బాడీని పెరట్లోకి ఈడ్చి, గోడకు చేరేసి, వెనక్కి చూడకుండా పోయాడు. "పెట్టినవాడే వచ్చి తియ్యాలి" అని బావ మూడేళ్ళు దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. మధ్యన అక్క నలిగింది. అటు తోడబుట్టినవాడు, ఇటు కట్టుకున్నవాడు. అడకత్తెరలో పోకచెక్క బతుకంటే అదే మరి.

ఇప్పుడు ఆమె మొగుడి చూపు తరిగిపోతోంది. కంటి డాక్టరు పెదవి విరిచేశాడు. చుట్టూ చీకటి మూసుకొస్తూ, నడిమధ్య నాణెమంత వెలుతురు మిగిలింది. ఆ కాస్తా ఉండగానే ఒక్కసారి ఆ కారు తోలాలని ఆయన ఆశ. నోరు తెరిచి అనలేదు గానీ నిద్రలో కాలితో క్లచ్చి తొక్కేవాడు. పక్కన పడుకున్నదానికి తెలియదా? తమ్ముడికి ఆమే కబురంపింది.

వచ్చాడు. పలకరింపుల్లేవు. ఇద్దరూ చెరో పక్కా పట్టి బాడీని చట్రం మీదికి దించారు. మూడు మూలలు బుద్ధిగా కూర్చున్నాయి. వెనక ఎడమ మూల మాత్రం రెండు వేళ్ళెత్తు లేచి నిలబడింది. ఆ పక్క తలుపు కింద రాసుకుంటోంది, పైన వేలు దూరేంత సందు.

"నీ చట్రమే వంకర బావా. వెల్డింగప్పుడు ఎటు చూశావో ఏమో!"

"నీ బుద్ధిలాగే నీ బాడీ వంకర. నా పనికి వంక పెట్టకు."

"పందెమా?"

"నా కళ్ళు ఎలాగూ పోతున్నాయిరా. ఇంకేం పెట్టమంటావు పందెం?"

తమ్ముడు సన్నటి గొట్టంలో నీళ్ళు పోసి చట్రం మూల మూలకూ పట్టి చూశాడు. నాలుగు మూలలా నీళ్ళు ఒకే మట్టంలో నిలిచాయి. చట్రం తిన్నగానే ఉంది. మూడేళ్ళు ఎండలో ఒంటి మూల మీద గోడకు జారగిలబడి, ఆ ఫైబరే వంకరకు అలవాటు పడిపోయింది. ఎవరు పెట్టారు, ఎవరు తియ్యనివ్వలేదు అన్న మాట మాత్రం ఇద్దరి నోటా రాలేదు.

"బోల్టేసి లాగేద్దాం," అని బావ పానా తిప్పాడు. మూల కొంచెం కొంచెంగా దిగింది. ఎండుటాకు మీద కాలేసినట్టు చిటుక్కుమంది. బోల్టు చుట్టూ వెంట్రుకంత పగులు.

"లాగితే విరుగుతుంది బావా. ఆ మూల మీద ఇసుక మూటలేసి ఎండలో వదిలెయ్యాలి. దానంతటదే దిగాలి. నెలలు పడుతుంది."

నెలలంటే ఏమిటో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. తమ్ముడు గొంతు తగ్గించాడు.

"అక్కా, ఇవాళ ఎలాగోలా బిగించేస్తాను. బావ ఓ చుట్టు తిరిగొస్తాడు. తర్వాత పగిలితే పగలనీ."

అలాగే చెయ్యరా అనబోయింది ఆమె. అప్పటికే మొగుడు తడుముకుంటూ బోల్టు వదులు చేస్తున్నాడు.

"నా కళ్ళ కోసం దాని ఒళ్ళు విరగ్గొట్టకండి. మూటలు పట్రండి."

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పోయి ఆ సందులో వేలు పెట్టి చూసుకునేవాడు. మొదట్లో కళ్ళు చికిలించి వంగేవాడు. తర్వాత వంగడం మానేశాడు.

మూల దిగిన రోజున తలుపు మెత్తగా పడింది. చుట్టూ సందు ఒక్కలాగే ఉందని ఆయనకు వేలే చెప్పింది. తమ్ముడు తాళం చెవి తెచ్చి ఆయన అరచేతిలో పెట్టాడు.

"ముందు నువ్వే కూర్చో బావా."

కూర్చున్నాడు. స్టీరింగు చుట్టూరా చేతులు తిప్పాడు. తలుపు తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. అప్పుడు దిగి, బాడీ మీంచి చెయ్యి తియ్యకుండా ముందు వైపుగా చుట్టూ నడిచి, అవతలి తలుపు వెతుక్కుని కూర్చున్నాడు. తాళం చెవి పక్క సీటు మీద పడేశాడు.

"తోలరా వెధవా. చివరికి స్టీరింగు నువ్వే గెలిచావుగా!"

అక్క షెడ్డు తలుపులు బార్లా తెరిచి పట్టుకుని నిలబడింది. తమ్ముడు స్టీరింగు ముందు కూర్చున్నాడు గానీ, తాళం తిప్పడానికి ఎంతసేపటికీ అతనికి చెయ్యి రాలేదు.