లెక్క తెలియని బట్టలు

ఈ ఆసుపత్రి ఇనుప మంచం తెల్లరంగు ఒక మూల పెచ్చు లేచింది, రోజుకు ఎన్ని బట్టలు మారుస్తుందమ్మా మీ పిల్ల అని డాక్టరమ్మ రెండోసారి అడుగుతోంది, నన్నే, కన్నతల్లిని, నాకు తెలియదు, మెట్‌పల్లిలో మా ఇంట్లో ఆ ముట్టు బట్టలు మేం ముట్టం, చాకలి ఐలవ్వ దొడ్డిగుమ్మంలోంచి తీసుకుపోయి ఉతికి తెచ్చి అక్కడే పెడుతుంది, మా అనసూర్య పదమూడేళ్లకు పెద్దమనిషైంది, మూలకు చాప వేశాను, పదకొండో రోజు స్నానం చేయిద్దామంటే నెత్తురు ఇంకా ఆగలేదు, ఆగాక చేయిద్దాంలే అనుకున్నాను, ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు, అవ్వా కండ్లు తిరుగుతున్నయ్ అని పిల్ల నాతో అంటే మగ్గానికి నూలు కండెలు చుడుతూనే పండుకో బిడ్డా తగ్గుతది అన్నాను, దూరం నుంచే అన్నాను, పొద్దున పడిపోతే గానీ బస్సెక్కి కరీంనగర్ రాలేదు, మగ్గం మీద ఒక్క పోగు తెగితే మాత్రం ఇట్టే కనిపెడతాను.

వెంట వచ్చిన ఐలవ్వ గోడ పక్క నుంచి మెల్లగా, పన్నెండు, ఒక్కో దినం పదిహేను అమ్మా, అన్నీ తడిసి ముద్దయినయే అంది, గిన్ని రోజులు చెప్పకపోతివేందే అని నేనంటే, నువ్వు అడిగినవా అక్కా అంది, నిజమే, అడగలేదు, నాకు ఏడుపు రావాలి కదా, రావడం లేదు, డాక్టరమ్మ పిల్ల కనురెప్ప కిందికి లాగింది, లోపల సున్నం గోడలా ఉంది, మొదట్లో కొందరు పిల్లలకు ఇలా ఆగకుండా పోతుంది, ఈ గోళీలతో ఆగుతుంది, ఆగిందని మధ్యలో మానొద్దు, ఈ నల్లవి రక్తం పట్టడానికి, రేపటికల్లా బట్టలు తగ్గకపోతే రక్తం ఎక్కించాలి, ఆలస్యమైతే పిల్ల దక్కదు, అందుకే లెక్క సరిగ్గా కావాలి అంటోంది, తల ఊపుతున్నాను, పెచ్చు లేచిన రంగునే చూస్తున్నాను.

ఐలవ్వా, తడిసింది అంది అనసూర్య, నన్ను పిలవలేదు, పక్కనే ఉన్నాను, పిలవలేదు, ఐలవ్వ లేవబోతే నువ్వు కూసో, నేను తీస్త అన్నాను, అవ్వా నువ్వు ముట్టొద్దు కదా అంది పిల్ల, భయంగా, తీశాను, బట్ట వెచ్చగా ఉంది, బరువుగా ఉంది, ఒకటి, డాక్టరమ్మకు చెప్పాలి, ఒకటి, పద్దెనిమిది రోజులు నేను ముట్టకుండా వదిలేసింది బట్టలను కాదు, నా బిడ్డను.