నీటివంతు కడితం

వెంకటగిరియప్ప ఆ కడితాన్ని మూడోసారి విప్పాడు. మొదటి రెండుసార్లు తన కళ్లే మోసం చేశాయేమోనన్న ఆశ ఇంకా కొంచెం మిగిలి ఉంది. పన్నెండు మడతలూ బల్ల మీద పరిచాడు. తిరగేసి మళ్లీ పరిచాడు. రెండు వైపులా నల్లగా, అప్పుడే కడిగిన ఎనుము వీపులా నిగనిగలాడుతోంది. ఒక్క అక్షరం లేదు.

దట్టమైన బట్టకు చింతగింజల గంజి, బొగ్గుపొడి కలిపి పట్టించి, ఆరబెట్టి, మడతలు పెట్టిన పుస్తకం కడితం. దాని మీద బలపంతో రాస్తారు. పొడిగా ఉంచితే తాతలు రాసింది మనవలు చదువుకోవచ్చు. తడి తగిలితే అప్పుడే పోతుంది.

బయట వరండాలో సొన్నమ్మ కూర్చుని ఉంది. చందాపుర దాటి ఇంకా మూడు మైళ్లు లోపలికి పోవాలి ఆమె పల్లెకు. చెరువు తూము తెరిచి మూసే నీరుగంటి పని ఆమె మామది. ఎవరి మడికి ఏ రోజు, ఏ పూట నీళ్లు వదలాలో ఆయన ఈ కడితంలో రాసి పెట్టాడు. మామ పోయాడు, పోయిన ఏడు మొగుడూ పోయాడు. తూము పని పటేలు మనిషి చేతికి పోయింది. "నీ మడికి వంతు లేనే లేదు, ఇన్ని దినాలు ఏదో పాపమని వదిలినాము" అంటున్నాడట పటేలు. వచ్చే గురువారం తాలూకా కచేరీలో అమల్దారు ముందు విచారణ. కడితం నకలు చూపిస్తే మడికి నీళ్లు వస్తాయి, ఆ నకలు కోసమే అర్జీ పెట్టుకుంది. చూపించకపోతే ఆ మడి బీడే.

ఆరేళ్ల కిందట ఆ కడితాన్ని అడిగి తెచ్చింది వెంకటగిరియప్పే. సంస్థానంలో ఇళ్లల్లో పడి ఉన్న పాత కాగితాలు, సన్నదులు, ఉత్తరాలు, కడితాలు అన్నీ ఒక్కచోట చేర్చాలని సర్కారు తలపెట్టింది. పల్లె పల్లె తిరిగి వాటిని పోగు చేసిన గుమాస్తా ఇతనే. "ఇంట్లో ఉంటే చెదలు తింటాయి, మా దగ్గర భద్రంగా ఉంటాయి" అని ఎన్ని అరుగుల మీద కూర్చుని చెప్పాడో లెక్కలేదు.

"గంగప్పా" అని పిలిచాడు.

కచేరీ జవాన్ల దఫేదారు గంగప్ప వచ్చి బల్ల మీది కడితం చూసి ముఖం విప్పార్చాడు. "ఎట్లుండాది సామీ? ఇరవై మూడు ఉంటే ఇరవై మూడూ తుడిస్తిని. ఒక్కోదానికి అర్ధగంట పట్టె."

"తడిగుడ్డతోనా?"

"మరి? ఒట్టి గుడ్డకు ఆ దుమ్ము పోతాదా?"

"దాని మీద రాత ఉండలేదా?"

"ఉండె. పలక మింద పిలకాయలు గీకినట్ల తెల్లగా ఉండె. ఎవరో లెక్క చేసి తుడిచేది మర్చిపోయినారు అనుకుంటిని. మా అయ్యవారు పలక తుడవకుండా లేస్తే ఈపు వాయిస్తుండె." గంగప్ప నవ్వబోయి, ఎదుటి ముఖం చూసి ఆపేశాడు. "ఏల సామీ? ఇన్‌స్పెక్షనుకు వచ్చిన దొడ్డ ఆఫీసరు కూడా మెచ్చుకుండె."

వెంకటగిరియప్ప పిడికిలి బల్ల కింద బిగుసుకుంది. ఈ మనిషిని కొడితే ఎంత హాయిగా ఉంటుందో ఒళ్లంతటికీ తెలిసింది. ఆ హాయే అతన్ని భయపెట్టింది. కడితం మడిచి చంకన పెట్టుకుని సూపరింటెండెంటు గదికి పోయి సంగతి చెప్పాడు.

సూపరింటెండెంటు శ్రీనివాసులు వయసు ముప్పై దాటదు. బి.ఏ. చదివాడు, ఈ కచేరీకి వచ్చి ఎనిమిది నెలలు. ఇరవై రెండేళ్ల సర్వీసు ఉన్న వెంకటగిరియప్పకు రావలసిన కుర్చీ అది.

"దీనికింత ఆలోచన దేనికి గిరియప్పా" అన్నాడు శ్రీనివాసులు, కలం కిందపెట్టకుండానే. "అర్జీకి జవాబు రాసి పంపించండి. 'సదరు కడితం పరిశీలించడమైనది. అందులో ఎట్టి రాతా కనబడలేదు.' అబద్ధం ఏమన్నా ఉందా ఇందులో?"

"సొన్నమ్మ ఒట్టి బట్ట ఇచ్చి ఇప్పుడు బొంకుతోందని పటేలు అంటాడు."

"అది వాడంటాడు. మనం అన్నామా?"

"మనమే తుడిచినామని రాయాల."

"రాస్తే ఎవరి మెడకు చుట్టుకుంటుందో తెలుసా? ఈ వారం ఈమె, వచ్చే వారం ఇంకొకరు." శ్రీనివాసులు అప్పుడు తలెత్తాడు. "అయినా మీరు ఉండుంటే ఇది జరిగేది కాదు. ఆ రెండు దినాలూ మీరే కదా లీవు పెట్టి ఇంట్లో కూర్చుంటిరి. కడుపునొప్పి అని."

వెంకటగిరియప్ప కడితం చంకన సర్దుకుని వెనుదిరిగాడు. బయటికి వచ్చి రికార్డు గదిలో, ఎర్రగుడ్డల మూటల అరల మధ్య నిలబడ్డాడు. అతనికి చిన్నప్పటి నుంచీ ఇదొక్కటే చోటు తెలిసినట్టు ఉంటుంది. మనుషులు మాట్లాడరు. కాగితాలకు ఎవరి మీదా అలక ఉండదు.

కడుపునొప్పి లేదు. కొత్తవాడి కింద పని చేయాల్సి వచ్చిందన్న మంట, అంతే. లీవు పెట్టిన సాయంత్రం మెట్లు దిగుతుంటే కొళాయి దగ్గర గంగప్ప బకెట్టు నింపుతూ కనిపించాడు. పక్కన చింకిగుడ్డల కుప్ప. రేపటి నుంచి అరలన్నీ తుడవాలని సర్కులర్ వచ్చింది. కడితాలకు తడి తగలనీయొద్దు అన్న మాట అప్పుడు అతని నాలుక చివరికి వచ్చింది. మరిచిపోయానని ఇన్ని నెలలూ తనకు తాను చెప్పుకుంటూ వచ్చాడు. అది నిజం కాదు. మాట వచ్చింది. మెట్టు మీద కాలు ఆగింది. నేను లేకపోతే ఇక్కడ ఏమవుతుందో వీళ్లకు తెలిసి రానీ అనుకున్నాడు. అనుకున్నప్పుడు నోట్లో బెల్లం ముక్క వేసుకున్నట్టు ఉంది. ఆ తీపి ఇప్పుడు కూడా గుర్తుకు వస్తోంది, అదే అసహ్యం.

గంగప్ప మీద కోపం, శ్రీనివాసులు మీద కోపం, పటేలు మీద కోపం. ఒక్కొక్కదాన్ని ముట్టి చూశాడు. ఏదీ అబద్ధం కాదు. కాని వాటన్నిటినీ ముందు నిలబెట్టి వెనక తాను దాక్కుని ఉన్నాడు. అంతమంది మీద అంత కోపం ఎందుకు కావలసి వచ్చిందో అతనికి అర్థమయింది.

కిందరలోంచి జమా పుస్తకం తీశాడు. వచ్చిన ప్రతి వస్తువునూ వచ్చిన రోజే అందులో రాయాలి. ఆరేళ్ల కిందటి పేజీలో తన చేతిరాతే: "కడితం ఒకటి. మడతలు పన్నెండు. రెండు వైపులా నిండుగా తెలుగు రాత. చెరువు నీటివంతుల వివరం." వంతులు ఎవరివో, ఏ పూటవో రాసుకోలేదు. ఆ రోజు ఇంకో పల్లెకు పోవాలన్న తొందర.

కాగితం తీసుకుని ఆ పద్దును ఉన్నదున్నట్టు దించాడు. దాని కింద ఇలా రాశాడు: "ఈ సంవత్సరం మార్చి నెలలో ఈ కచేరీ నౌకరు తడిగుడ్డతో తుడవడం వల్ల పై రాత పోయినది. తుడవబోతున్నారని తెలిసి కూడా నేను వారించలేదు." సంతకం పెట్టాడు. నకళ్ల మీద వేసే ముద్ర తన సొరుగులోనే ఉంది. వేశాడు.

వరండాలో సొన్నమ్మకు చదివి వినిపించాడు. ఆమె చదువుకోలేదు. చివరి మాట దగ్గర చెయ్యెత్తి ఆపింది.

"వారించలేదంటే?"

"తుడవద్దని చెప్పింటే తుడిచేవాడు కాదమ్మా. చెప్పలేదు."

"ఏల?"

"కోపంలో."

"నా మిందనా?"

"కాదు. ఇక్కడోళ్ల మీద. రెండు దినాలు లీవు పెట్టి ఇంట్లో కూర్చుంటిని."

సొన్నమ్మ అరవలేదు. అరిస్తే బాగుండునని అతను కోరుకున్నాడు.

"ఇక్కడోళ్ల మింద కోపమైతే వాళ్ల తల పగలగొట్టాల్సింది అప్పా. నా మడి నీకేం చేసె?"

అతను కాగితం ముందుకు చాపాడు. ఆమె తీసుకోలేదు.

"దీన్ని చూపిస్తే నీళ్లు వదులుతారా?"

"చెప్పలేను. రాత ఉండిందని మాత్రం తెలుస్తాది. నువ్వు బొంకలేదని తెలుస్తాది."

"నేను బొంకలేదని నాకు తెలుసు. మా మామ ఆ పొద్దు అడిగె, ఇల్లు దాటినాక మళ్లా చేతికొస్తాదా అని. నేనిచ్చిన మజ్జిగ తాగుతా, వస్తాది అంటివి. అది నమ్మి కడితం ఇచ్చింది సాలు, ఇంక కాగితం నమ్మను." లేచి కొంగు దులుపుకుంది. "బేస్తవారం నువ్వే రా. అమల్దారు ముందర నిలబడి నోటితో చెప్పు. రాత ఉండె, నేను చూస్తిని, మేమే పోగొడితిమి అని చెప్పు. పటేలు మొగం చూసి చెప్పు."

"నేను సర్కారు నౌకరును కదమ్మా. పర్మిషన్ లేకుండా..."

"కోపమొస్తే రెండు దినాలు లీవు పెడితివి కదా. ఇంకొక దినం పెట్టు."

పక్క గుమాస్తా ఎవడో ఫైలు చాటున నవ్వాడు. వెంకటగిరియప్పకు చెవులు వేడెక్కాయి. ఎవరి మీద తిరగబడాలో వెతుక్కుంటున్న ఆ పాత అలవాటును ఈసారి కదులుతుండగానే పట్టుకున్నాడు.

లోపలికి పోయి లీవు అర్జీ రాసి శ్రీనివాసులు ముందు పెట్టాడు. కారణం అన్న చోట, అమల్దారు విచారణలో సాక్ష్యం చెప్పుటకు, అని ఉంది.

శ్రీనివాసులు రెండుసార్లు చదివాడు. "దీన్ని మంజూరు చేయలేను గిరియప్పా. కచేరీ పరువు తీస్తారా?"

"మంజూరు చేయమని అడగలేదు. ఆ దినం నేను రానని చెప్తా ఉండాను."

"పింఛనుకు ఎన్నేళ్లు ఉంది మీకు?"

"ఎనిమిది."

"ఆలోచించుకోండి."

"ఇంతవరకు అదే చేస్తిని."

తలుపు పక్కనే గంగప్ప నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టున్నాడు. ముఖంలో రక్తం లేదు.

"నేనూ రావాలనా సామీ? తుడిచింది నేనే కదా."

వెంకటగిరియప్ప అతని చేతులు చూశాడు. ఇరవై మూడింటినీ అరగంట చొప్పున ఓపికగా తుడిచిన చేతులు.

"వద్దులే గంగప్పా. నీకు చెప్పలేదు. నాకు తెలిసుండె."

వరండాలో సొన్నమ్మ మెట్లు దిగిపోతోంది. వెనక్కి తిరక్కుండానే గట్టిగా అంది: "బస్సు పొద్దున ఏడింటికి. బొగ్గుతో నడిచే బస్సు, దాన్ని రాజబెట్టేకి తడవవుతాది గానీ బయలుదేరితే నిలవదు. ముందే వచ్చి కూర్చో."

"వస్తాను" అన్నాడు. ఆమె విన్నదో లేదో తెలియలేదు. ఇంకోసారి గట్టిగా చెప్పాడు.